బరి లోపల వెలుగు, బయట చీకటి

రెండేళ్ళ క్రితం నేను తీసిన మొదటి రోబో పోటీ వీడియో ఇప్పటికీ నా హార్డ్ డిస్కులో ఉంది. తెరవగానే ముందు కనబడేది రోబోలు కావు, నా తెల్ల చొక్కా. దాని పక్కన ట్రైపాడ్. వెనక సోఫాల్లో కూర్చున్న పెద్దల తెల్ల పంచెలు. వాటన్నిటి వెనక, నీళ్ళ అడుగున ఉన్నట్టు, రెండు నల్లటి ముద్దలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి. స్క్రీన్ మీద పైనుంచి కిందకి నల్లటి పట్టీలు పాకుతుంటాయి. నాది పాలకొల్లు. పెళ్ళి వీడియోలు తీయడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. అంత చెత్త వీడియో నా చేతి మీదుగా అంతకుముందు రాలేదు.

మా అక్క కొడుకు భీమవరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివాడు. వాళ్ళ కాలేజీలో రోబో వార్ పెడుతున్నారని, వీడియో నేనే తియ్యాలని పట్టుబట్టాడు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. చుట్టూ గోడలున్న బరిలో రెండు యంత్రాలను వదులుతారు. నడిపేవాళ్ళు బయట రిమోట్లు పట్టుకుని నిలబడతారు. 3 నిమిషాల ఆట. కొన్ని రోబోలకు గిర్రున తిరిగే ఉక్కు చక్రం ఉంటుంది, కొన్నిటికి ఎదుటిదాన్ని ఎత్తి పడేసే పలక ఉంటుంది. అమెరికాలో మార్క్ థోర్ప్ అనే ఆయన 1994లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఈ పోటీలు మొదలుపెట్టాడు. 1999లో బాటిల్‌బాట్స్ వచ్చింది. అక్కడ పెద్ద తరగతి రోబో 250 పౌండ్లు, అంటే 113 కిలోలు. మన దగ్గర ఐఐటీ బొంబాయి టెక్‌ఫెస్ట్ లాంటి చోట్ల ఈ పోటీలు పెద్ద ఎత్తున జరుగుతాయి. మావాడి కాలేజీలో పెట్టింది 15 కిలోల తరగతి.

15 కిలోలంటే చిన్నదనుకోకండి. మావాడి రోబోకి ముందు భాగంలో 30 సెంటీమీటర్ల చక్రం ఉండేది. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 170 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అందుకే బరి చుట్టూ పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీట్లు కడతారు. అద్దంలా ఉంటుంది గానీ అద్దంలా పగలదు. అక్రిలిక్ వాడితే ముక్కలై జనం మీదికి ఎగురుతుంది. ఆ షీటే మనుషులను కాపాడేది. కెమెరా పనిని కష్టం చేసేది కూడా ఆ షీటే.

మొదటి ఏడాది లైట్లు జాతరలో స్టేజీకి కట్టినట్టే కట్టారు. బరికి బయట నాలుగు మూలలా సరుగుడు బాదులు పాతి, ఒక్కోదానికి వెయ్యి వాట్ల హాలోజన్ కట్టి లోపలికి తిప్పారు. పైన షెడ్డు ట్యూబులైట్లు ఎలాగూ వెలుగుతున్నాయి. కంటికి పట్టపగల్లా ఉంది. నేనూ బాగుందనే అనుకున్నాను. సంక్రాంతి బరులకు మా వైపు రాత్రిళ్ళు కట్టే లైటింగ్ కూడా ఇలాగే ఉంటుంది. జనం చూడటానికి అది సరిపోతుంది. అక్కడ మధ్యలో షీటు ఉండదు కాబట్టి.

సెమీఫైనల్లో గొడవ వచ్చింది. మావాడి రోబో, ఎదుటి కాలేజీ రోబో రెండూ ఒకేసారి ఆగిపోయాయి. ఎవరు గుద్దారు, ఎవరిది ముందు ఆగింది అని జడ్జీలు వీడియో అడిగారు. లాప్‌టాప్‌లో పెట్టాను. పది మంది మూగారు. నా చొక్కా, సోఫాలు, నల్ల పట్టీలు. గుద్దిన క్షణంలో ఒక తెల్లటి మెరుపు. అంతే. ఒక జడ్జి గారు మర్యాదగా "పర్లేదండీ" అని లేచి వెళ్ళిపోయారు. మావాళ్ళు ఓడిపోయారు. అది సరైన తీర్పే కావచ్చు. నన్ను బాధపెట్టింది వేరు. ఆ అయిదుగురు పిల్లలు ఆరు నెలల పాటు హాస్టల్ వెనక రేకుల షెడ్డులో వెల్డింగులు చేసుకుంటూ కట్టిన యంత్రం, 3 నిమిషాల్లో విరిగిపోయాక ఇక మిగిలేది వీడియో ఒక్కటే. ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోవడానికి కూడా అదే ఆధారం. దాన్ని నేను సరిగా తీసి ఇవ్వలేకపోయాను.

వీరవాసరం మీదుగా ఇంటికి వస్తుంటే రోడ్డుకి రెండు వైపులా చెరువులు. ఏరేటర్లు తిరుగుతున్నాయి, గట్ల మీద లైట్లు, నీళ్ళలో వాటి నీడలు. ఏ లైటు నీడ ఎక్కడ పడుతుందో చూస్తూ బండి నడిపాను. మా నాన్నగారు గుర్తొచ్చారు.

నాన్నగారికి పాలకొల్లులో ఫోటో స్టూడియో ఉండేది. ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు జనం పాత ఫోటో ఫ్రేములు తెచ్చేవారు, పెద్దది చేసి ఇమ్మని. మా డెల్టా చెమ్మకి ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉండేది. విప్పితే చిరిగిపోతుంది. కాబట్టి అద్దంతో సహా కాపీ తియ్యాలి. దానికి నాన్నగారి పద్ధతి ఒకటే. ఫ్రేముని గోడకి తగిలించి, రెండు పక్కలా ఏటవాలుగా రెండు దీపాలు పెట్టేవారు. గదిలో మిగతావన్నీ ఆర్పేసేవారు. కెమెరా ముందు ఒక పెద్ద నల్ల గుడ్డ కట్టి, దానికి లెన్సు పట్టేంత చిల్లు పెట్టి, ఆయన గుడ్డ వెనక నిలబడేవారు. అద్దం తన ఎదురుగా ఉన్నదాన్నే చూపిస్తుంది. ఎదురుగా నల్ల గుడ్డ తప్ప ఏమీ లేకపోతే అద్దంలో ఏమీ కనబడదు. వెలుగు ఏ కోణంలో వచ్చి తగులుతుందో అదే కోణంలో అటు వైపుకి పోతుంది కాబట్టి, ఏటవాలుగా పడ్డ దీపం కాంతి కెమెరా దగ్గరికి రాదు. పదేళ్ళ వయసులో ఆ గుడ్డ కొసలు పట్టుకుని నిలబడింది నేనే. బరి ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఆ సంగతి తట్టలేదు.

ఆ తర్వాత ఏడాది అంతా ఖాళీ దొరికినప్పుడల్లా దీని మీదే ఉన్నాను. ఒక చిన్న పాలీకార్బొనేట్ ముక్క కొని తెచ్చి, డాబా మీద మా అమ్మాయి బొమ్మ కారు పెట్టి, రాత్రిళ్ళు లైట్లు మార్చి మార్చి తీసి చూశాను. మళ్ళీ కాలేజీ వాళ్ళు పిలిచినప్పుడు ఒకటే మాట చెప్పాను. "సార్, వీడియో డబ్బులు తర్వాత చూద్దాం. లైటింగ్ నా చేతికి ఇవ్వండి." ఒప్పుకున్నారు.

బరి కొలత 20 అడుగుల చదరం. గోడ ఎత్తు 8 అడుగులు. పైన ముక్కలు ఎగరకుండా ఇనప వల. ముందుగా ఎన్ని లైట్లు కావాలో లెక్క వేసుకున్నాను. స్లో మోషన్ కెమెరా సెకనుకి 120 ఫ్రేములు, అంటే 120 బొమ్మలు తియ్యాలి. షటర్ 1/1000 ఉండాలి, అంటే ఒక్కో బొమ్మకి కెమెరా కన్ను సెకనులో వెయ్యో వంతే తెరుచుకోవాలి. లెన్సు ఎంత తెరిచామో చెప్పే అంకె ఎఫ్ 2.8, కెమెరా వెలుగుని పట్టే శక్తి ఐఎస్ఓ 1600 పెడితే నేల మీద సుమారు 1200 లక్సుల వెలుగు కావాలి. లక్సంటే ఒక చదరపు మీటరు మీద పడే వెలుగు కొలత. 100 వాట్ల మంచి ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు దాదాపు 10,000 ల్యూమెన్లు ఇస్తుంది, ల్యూమెన్ అంటే దీపం నుంచి వచ్చే మొత్తం వెలుగు కొలత. అందులో సగమే నేలకి చేరుతుందనుకోండి, మిగతాది మనం అడ్డం పెట్టే కాగితాలకీ పక్కలకీ పోతుంది. బరి వైశాల్యం 37 చదరపు మీటర్లు. పది లైట్లయితే సుమారు 1350 లక్సులు. పది లైట్లూ కలిపి వెయ్యి వాట్లు, అంటే పాత హాలోజన్ ఒక్కటి లాగినంత కరెంటు. మొదటి ఏడాది మేం నాలుగు వేల వాట్లు కాల్చాం. అప్పుడు వెలుగు తక్కువై కాదు వీడియో పోయింది. పడకూడని చోట పడి పోయింది.

లైట్లు కొనడానికి భీమవరంలో షాపులు తిరిగాను. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఇది తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 ఆవృత్తులు, ఒక్కో ఆవృత్తిలో రెండు సార్లు తగ్గి పెరుగుతుంది. దాంతో నేరుగా వెలిగే దీపం సెకనుకి 100 సార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి తెలియదు. కెమెరాకి తెలుస్తుంది. షటర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే ప్రతి ఫ్రేములోనూ పూర్తి ఆవృత్తులు పడతాయి, వెలుగు సమానంగా వస్తుంది. షటర్ 1/500 పెట్టారో, ఒక ఫ్రేము వెలుగులో ఒక ఫ్రేము చీకట్లో పడుతుంది. నల్ల పట్టీలు వచ్చేది అక్కడే. మొదటి ఏడాది నేను 1/125లో తీశాను. పైన షెడ్డు ట్యూబులు పాత చోకువి. హాలోజన్‌లో తీగ వేడికే వెలుగుతుంది కాబట్టి ఈ ఊగిసలాట తక్కువ. చవక ఎల్‌ఈడీల్లో చాలా ఎక్కువ. విడిగా డ్రైవర్, అంటే లైటుకి కరెంటుని సర్ది ఇచ్చే పెట్టె, లేకుండా చిప్పులున్న పలక మీదే సర్క్యూట్ పెట్టేసే రకం ఉంటుంది, షాపుల్లో డీఓబీ (డ్రైవర్ ఆన్ బోర్డ్) అంటారు. వీడియోకి అది వద్దే వద్దు. స్థిరమైన కరెంటు ఇచ్చే మంచి డ్రైవర్ ఉన్నవే కావాలి.

దీన్ని కనిపెట్టడానికి మీటర్లు అక్కర్లేదు. ఫోన్‌లో స్లో మోషన్, 240 ఫ్రేముల్లో పెట్టి, వెలుగుతున్న లైటుని అయిదు సెకన్లు తియ్యండి. తిరిగి చూస్తే చెడ్డ లైటు టకటకా కొట్టుకుంటూ కనిపిస్తుంది. మంచిది నిలకడగా ఉంటుంది. నేను పదకొండు రకాలు అలా చూశాను, రెండే నిలబడ్డాయి. ఒక షాపాయన ముందు విసుక్కున్నాడు, తర్వాత ఆయనే తన ఫోన్ తీసి మిగతా లైట్లన్నీ పరీక్షించడం మొదలుపెట్టాడు.

ఇక కట్టడం. మా టెంట్ హౌస్ కుర్రాళ్ళు గట్టివాళ్ళు, సరుగుడు బాదులతో 14 అడుగుల ఎత్తున బరి చుట్టూ చట్రం కట్టేశారు. లైట్లన్నీ పైనే, గోడల ఎత్తు కంటే పైనుంచి లోపలికి. బయటి నుంచి షీటు మీద ఒక్క చుక్క వెలుగు కూడా పడకూడదు. ప్రతి లైటుకీ బోల్టుతో పాటు ఇంకో గొలుసు కట్టించాను. బరి ఊగుతుంది, కింద పిల్లలు తిరుగుతారు. ఆ గొలుసు విషయంలో నేను ఎవరి మాటా వినను.

నిట్టనిలువుగా కిందకి వేస్తే రోబో వీపు తెల్లగా, పక్కలు నల్లగా వస్తాయి. ఈ రోబోలు జానెడు ఎత్తు కూడా ఉండవు, అసలు పనంతా పక్కల్లోనే జరుగుతుంది. అందుకని ప్రతి లైటునీ దానికి ఎదురుగా ఉన్న మూల వైపు వాల్చాను. మధ్యలో కాకుండా మూలల మీద గురి పెట్టడానికి ఇంకో కారణం ఉంది. మొదటి ఏడాది వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తే ఒకటి అర్థమైంది. ఆట మధ్యలో మొదలవుతుంది గానీ మూలలోనే తేలుతుంది. ఒకటి ఇంకోదాన్ని తోసుకుంటూ వెళ్ళి గోడకి నొక్కుతుంది. మూలలు చీకటిగా ఉంటే అసలు ఘట్టమే పోతుంది. దూరం రెండింతలయితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి మధ్య భాగం ఎలాగూ అన్ని వైపుల నుంచి నిండుతుంది, మూలలకే మనం చెయ్యి అందించాలి.

కెమెరాకి ఎదురు వైపు నుంచి వచ్చే రెండు లైట్లతో చాలా అవస్థ పడ్డాను. అవి కావాలి. రోబో నల్లది, నేల ముదురు రంగు, వెనక చీకటి. వెనక నుంచి అంచుకి ఒక గీత వెలుగు తగిలితేనే రోబో నేల నుంచి విడిపడి కనిపిస్తుంది. కానీ అదే వెలుగు కెమెరా ముందున్న షీటు మీద పడితే దాని మీది ప్రతి గీతా వెలిగిపోతుంది. రెండు ఆటలయ్యేసరికి షీటు నిండా గీతలే ఉంటాయి, అప్పుడు బొమ్మ మొత్తం పాలు కలిపినట్టు అవుతుంది. చివరికి ఆ రెంటికీ నల్ల రంగు వేసిన రేకు ముక్కలు రెప్పల్లా కట్టాను. కెమెరా దగ్గర నిలబడి చూస్తే లైటు బల్బు కనబడకూడదు. కనబడితే రెప్ప ఇంకాస్త దించాలి. లైట్ల కుర్రాడు నిచ్చెన మీద, నేను కింద. "ఇంకాస్తా?" "ఇంకాస్త." "చాలా అండీ?" "ఆయ్, ఉంచు." ఒక పూట అలా గడిచింది.

ఇనప వల నీడ నేల మీద చేపల వల పరిచినట్టు పడింది. దానికి బటర్ పేపర్. లైటు ముందు అరడుగు దూరంలో చెక్క ఫ్రేముకి కట్టాం. దీపం పెద్దదైనట్టయి నీడ కరిగిపోయింది. వెలుగుని తిప్పికొట్టడానికి థర్మకోల్ పలకలు కూడా తీసుకెళ్ళాను, మా పెళ్ళి పనుల్లో అవి లేనిదే నడవదు. ఇక్కడ పనికి రాలేదు, బయట తెల్లటిది ఏది ఉన్నా బరి షీటులో కనిపిస్తుంది.

నేల గురించి కాలేజీ వాళ్ళతో రెండు సార్లు మాట్లాడాల్సి వచ్చింది. ఇనప పలకల మీద నల్ల ఎనామెల్ నిగనిగలాడేలా వేశారు. చూడటానికి అందంగా ఉంది. లైటు వేస్తే పది లైట్లూ పది తెల్ల మచ్చలై నేల మీద కనిపించాయి. దాని మీద గ్రే ప్రైమర్ కొట్టించాం. నిగారింపు లేని బూడిద రంగు. నల్ల రోబో ఆనుతుంది, తెల్ల రోబో ఆనుతుంది, ఎక్స్‌పోజర్, అంటే కెమెరా ఎంత వెలుగు తీసుకోవాలో ఆ కొలత, దానికి కట్టేస్తే నిప్పురవ్వలు కూడా నిలుస్తాయి.

షీట్లు తుడవడానికి సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ. అంతే. ఒక విద్యార్థి ఉత్సాహం కొద్దీ థిన్నర్‌తో తుడిచాడు, ఆ షీటు మంచు పట్టినట్టు తెల్లబడిపోయింది. పాపం బిక్కమొహం వేశాడు. ఆ షీటుని కెమెరా లేని వైపుకి మార్చాం.

ఇప్పుడు చీకటి సంగతి. షెడ్డు ట్యూబులైట్లు ఆర్పించాను. జనం నడిచే దారిలో మాత్రం చీలమండ ఎత్తున చిన్న బల్బులు, వాటికి అట్టముక్కల మూతలు, వెలుగు నేల మీదే పడేలా. గేటు దగ్గరా మంటలార్పే ఇసక బకెట్ల దగ్గరా ఒక్కో దీపం. లిథియం బ్యాటరీ అంటుకుంటే పొగ దట్టంగా వస్తుంది, ఆ క్షణంలో దారి కనబడాలి. కెమెరా వెనకంతా టెంట్ హౌస్ నల్ల గుడ్డ. నాకూ నా ఇద్దరు కుర్రాళ్ళకూ నల్ల చొక్కాలు. లెన్సుకీ షీటుకీ మధ్య మా నాన్నగారి గుడ్డ లాంటిదే, ఒక నల్ల గుడ్డ గొట్టం కుట్టించాను. లెన్సుని షీటుకి ఆనించలేదు. రోబో గోడని గుద్దినప్పుడు షీటు ఊగుతుంది, లెన్సు ఆనితే కెమెరా కూడా ఊగుతుంది. నాలుగు వేళ్ళ సందు ఉంచి గుడ్డతో కప్పాం. లెన్సు ముందు మెరుపులు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ వేస్తే షీటులో ప్రతిబింబాలు పోతాయని కొందరు చెబుతారు. డాబా మీద ప్రయత్నించాను. పాలీకార్బొనేట్‌ని బిగించిన చోటల్లా ఇంద్రధనుస్సు రంగులు తేలాయి, పైగా వెలుగు సగానికి పైగా తినేసింది. తీసేశాను.

ముందు వరసలో ముఖ్య అతిథుల సోఫాలు. అందరూ తెల్ల బట్టలు, మా గోదావరి వాళ్ళకి అదే ముచ్చట. వాళ్ళని కెమెరా వెనక నుంచి పక్క వైపుకి మార్చమని అడగడానికి నిర్వాహకులు మొహమాటపడ్డారు. మాటలతో కాదని మానిటర్ తెచ్చి చూపించాను. ఒక ప్రొఫెసర్ గారిని సోఫాలో కూర్చోమని, లేవమని. కూర్చుంటే బరిలో ఆయన తేలారు, లేస్తే మాయమయ్యారు. సోఫాలు వెంటనే మారాయి. ఎదురు వైపు కూడా కుర్చీలు వద్దన్నాను, రెండు షీట్లకీ అవతల ఉన్న తెల్ల చొక్కాలు కూడా కెమెరాకి కనిపిస్తాయి.

డీజే కుర్రాళ్ళు ఎర్ర, నీలం లైట్లు బరి మీద తిప్పుతామన్నారు. వాటిని రోబోలు లోపలికి వచ్చేటప్పుడు మాత్రం తిప్పమన్నాను. ఒకే రంగు వెలుగులో కెమెరా వివరం పట్టలేదు, పట్టీలు కూడా వస్తాయి. రోబో మీద కరెంటు ఆన్‌లో ఉందని చూపించే చిన్న దీపం ఒకటి ఉంటుంది. రంగుల వెలుగులో కలిసిపోకుండా ఆ దీపం అందరికీ కనబడాలి, అది ప్రాణాల విషయం.

అన్నీ సిద్ధమయ్యాక, పోటీకి ముందు రోజు సాయంత్రం పది లైట్లూ వెలిగించాం. అరగంట బాగుంది. తర్వాత దోమ వచ్చింది. కుట్టే దోమ కాదు, వరి దోమ. కార్తీకం, సార్వా కోతలకొస్తున్న కాలం, కాలేజీ చుట్టూ చేలు. వేలకి వేలు వచ్చి లైట్లకీ బటర్ పేపర్లకీ పట్టాయి. కింద బరిలో వాన కురుస్తున్నట్టుంది. వీడియోలో ప్రతి పురుగూ ఒక తెల్ల గీత. నిప్పురవ్వ ఏదో పురుగు ఏదో తెలియడం లేదు. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. మా మావగారికి ఫోన్ చేశాను, ఆయన నలభై ఏళ్ళు వ్యవసాయం చేసినాయన.

"అల్లుడుగారూ, దోమ వెలుగుకే కదండీ వచ్చేది. మీ వెలుగు కంటే ముందు వేరే చోట వెలుగు పెట్టండి. మేం చేలో దీపపు ఎర పెట్టమా? అదే అండి" అన్నారు.

ఆయన చెప్పినట్టే చేశాం. షెడ్డుకి డెబ్భై గజాల దూరంలో, చేల వైపు, ఒక పాత మెర్క్యురీ దీపం కట్టాం. దాని కింద వెడల్పాటి టబ్బులో నీళ్ళు, నాలుగు చుక్కల కిరోసిన్. పోటీ రోజున చీకటి పడగానే దాన్ని వెలిగించి, బరి లైట్లు ముప్పావు గంట తర్వాత వెలిగించాం. మెర్క్యురీ దీపంలో పురుగుని లాగే నీలి, అతినీలలోహిత కాంతి ఎక్కువ. మా ఎల్‌ఈడీల్లో అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు. పూర్తిగా ఆగలేదు గానీ పదికి ఎనిమిది అటు పోయాయి. రాత్రి చూస్తే టబ్బు నీళ్ళు కనబడటం లేదు. షెడ్డుకి చేల వైపు నల్ల గుడ్డ కట్టి ఉండటం కూడా కలిసొచ్చింది. మైదానాల్లో, చేల పక్కన పోటీలు పెట్టే మన వైపు వాళ్ళు ఈ ఒక్క విషయం ముందుగా చూసుకోండి. ఇది నేను చూసిన ఏ విదేశీ వీడియోలోనూ దొరకలేదు.

కెమెరాలు రెండు. మొదటిది సెకనుకి 50 ఫ్రేములు, షటర్ 1/100. దీనిలో చక్రం కాస్త మసకగా కనిపిస్తుంది, అలాగే ఉండాలని నా అభిప్రాయం. 3000 చుట్లు తిరిగే చక్రం సెకనుకి సరిగ్గా 50 చుట్లు తిరుగుతుంది. 50 ఫ్రేముల కెమెరాలో షటర్ మరీ వేగంగా పెడితే ప్రతి ఫ్రేములోనూ అది ఒకే చోట ఉండి, ఆగిపోయినట్టు కనిపిస్తుంది. నిప్పురవ్వలు కూడా 1/100లో గీతలై సాగుతాయి, వేగమైన షటర్‌లో చుక్కలైపోతాయి. ఉక్కు రవ్వలు పసుపు, నారింజ. టైటానియం రవ్వలు తెల్లగా మిరుమిట్లు గొలుపుతాయి, వాటి కోసం ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించాను. రెండోది ఇందాక చెప్పిన 120 ఫ్రేముల కెమెరా, తప్పొప్పులు తేల్చడానికి. రెంటిలోనూ ఫోకస్, ఎక్స్‌పోజర్, రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ అన్నీ చేత్తోనే పెట్టి తాళం వేశాను. ఆటో ఫోకస్ పెడితే అది షీటు మీది గీతల్ని పట్టుకుంటుంది.

మావాడు అప్పుడు ఫైనలియర్. రెండు ఆటలు గెలిచి క్వార్టర్ ఫైనల్‌కి వచ్చారు. ఒక నిమిషం నలభై సెకన్లు బాగా నడిచింది. బరి చుట్టూ చీకటి, అయినా జనం ఊపిరి బిగబట్టడం తెలుస్తోంది. ఎదుటి రోబో ఎడమ మూలలోకి తోసి ఒక్క దెబ్బ వేసింది. తెల్లటి రవ్వలు గోడ దాకా లేచాయి. మావాళ్ళ చక్రం ఆగిపోయింది. ఇక తిరగలేదు. ఆ దెబ్బకి మోటారు పోయిందని ఎదుటి వాళ్ళు అనుకున్నారు, మావాళ్ళూ అదే అనుకున్నారు. మావాడు రిమోట్ కింద పెట్టి, ఎదుటి జట్టు కుర్రాడికి చెయ్యిచ్చి, నా దగ్గరికి వచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు.

నేను రెండో కెమెరా కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టాను. అయిదుగురూ మూగారు. ఈసారి షీటు ఉన్నట్టే లేదు. మూలలో రెండు రోబోలూ, వాటి మీది మరలతో సహా కనిపిస్తున్నాయి. ఒక్కో ఫ్రేమూ వెనక్కి జరిపాను. దెబ్బ తగిలిన ఫ్రేము. దానికి ముందుది. ఇంకా ముందుది. చాలా ఫ్రేముల వెనక, మావాళ్ళ రోబో వెనక అంచున, ఎదురు లైటు వేసిన సన్నటి గీతలో ఏదో మెరిసింది. తర్వాతి ఫ్రేములో అది కాస్త కిందికి జారింది. ఆ తర్వాత నేల మీద పడింది. బోల్టు. మోటారుని పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో ఒకటి. అది పోగానే మోటారు పక్కకి వాలింది, బెల్టు వదులైంది, చక్రం నెమ్మదించింది. దెబ్బ తగిలింది అదంతా అయ్యాక.

"మోటారు పోలేదురా!" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు అప్పటికే స్పానర్ల పెట్టె దగ్గరికి పరిగెత్తాడు. మావాడు మాత్రం కదల్లేదు. స్క్రీన్ మీదికి వంగి, వేలితో ఆ మెరుపుని చూపిస్తూ, "మావయ్యా, ఇంకోసారి వెనక్కి తిప్పు" అన్నాడు. తిప్పాను.